లియోన్‌లో మూడు రోజులు: పట్టునేత నగరాన్ని కాలినడకన చూసే విధానం

పారిస్ నుంచి వేగరైలులో రెండు గంటల ప్రయాణం కావడం వల్ల చాలామంది లియోన్‌ను ఉదయం వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లే ఊరుగా భావిస్తారు. కొండ మీది గుడి, పాత వీధి, నదీతీరంలో ఒక ఫొటోతో సరిపెట్టుకుంటారు. అలా వెళ్లినవారు లియోన్‌ను చూసినట్టు కాదని నా దృఢమైన అభిప్రాయం. ఈ నగరం పట్టు నేసి బతికింది. దాని ఇళ్ల ఎత్తు, కిటికీల పొడవు, ఇళ్ల మధ్యనుంచి సాగే చీకటి దారులు, తిండి, తిరుగుబాట్లు అన్నీ ఏదో ఒక విధంగా మగ్గంతో ముడిపడి ఉన్నాయి. ధర్మవరంలోనో గద్వాలలోనో మగ్గం పైన కూర్చుని పూలూ బొమ్మలూ నేయించే జకార్డు పెట్టెను, దానికి వేలాడే చిల్లుల అట్టల దండను చూసిన తెలుగువారికి ఈ ఊరు పరాయిదిగా అనిపించదు, ఎందుకంటే ఆ పెట్టె పుట్టిల్లు లియోనే. అందుకే ఈ మార్గదర్శిని ఆ దారాన్ని పట్టుకుని మూడు రోజుల నడకగా అమర్చాను. రెండు రోజులే ఉన్నవారు మూడో రోజును వదులుకోవచ్చు గాని రెండో రోజును మాత్రం వదులుకోకూడదు.

బయలుదేరే ముందు

భారతీయ పాస్‌పోర్టు గలవారికి షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని పలు దేశాలకు కలిపి ఇచ్చే వీసా, తప్పనిసరి. ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల గడువు మిగలకుండా మాత్రం చేయకూడదు. వేసవి సెలవులకు వెళ్లేవారు రెండు మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవడం క్షేమం. పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు, షెంజెన్ ప్రాంతం నుంచి తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కావాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా మొత్తం 30,000 యూరోలకు తగ్గకూడదు.

హైదరాబాద్ నుంచి లియోన్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి దారిలో ఎక్కడో ఒకచోట మారాలి. పారిస్‌లో దిగేవారికి మరో సౌకర్యం ఉంది: షార్ల్ ద గోల్ విమానాశ్రయం లోపలి స్టేషన్ నుంచే లియోన్ పార్ దియూ స్టేషన్‌కు నేరుగా వేగరైళ్లు నడుస్తాయి, పారిస్ నగరంలోకి వెళ్లనవసరం లేదు. ఈ రైలు టికెట్లు ముందుగా కొంటే చౌక, చివరి రోజు కొంటే భారం. లియోన్ విమానాశ్రయంలోనే దిగితే అక్కడి నుంచి పార్ దియూకు రోనెక్స్‌ప్రెస్ అనే ట్రాము అరగంటలో చేరుస్తుంది. ఈ విమానాశ్రయానికి రచయిత, విమాన చోదకుడు సెంటెక్సుపెరీ పేరు పెట్టారు, ఆయన 1900లో ఈ నగరంలోనే పుట్టాడు.

కాలం విషయంలో మే, జూన్, సెప్టెంబరు నెలలు ఉత్తమం. జూలై, ఆగస్టుల్లో ఎండ మనం ఊహించని స్థాయికి పెరుగుతుంది, పైగా ఆగస్టులో చిన్న హోటళ్లు, దుకాణాలు చాలా వరకు మూసి యజమానులు సెలవులకు వెళ్తారు. డిసెంబరు 8వ తేదీ ప్రాంతంలో జరిగే దీపాల పండుగ మాత్రం చలికి ఓర్చుకుని చూడదగినది. 1852లో ఫూర్వియేర్ కొండ మీద మరియమ్మ విగ్రహాన్ని ఆవిష్కరించిన రాత్రి ఊరంతా కిటికీల్లో దీపాలు పెట్టారు. ఆ ఆచారమే నేడు నగరమంతటా నాలుగు రాత్రుల వెలుగుల ప్రదర్శనగా పెరిగింది. ఈనాటికీ ఎనిమిదో తేదీ రాత్రి కిటికీల అంచున చిన్న గాజు కుప్పెల్లో దీపాలు వెలిగించే కుటుంబాలు ఉన్నాయి. మన దీపావళి చూసిన కళ్లకు ఆ వరుసలే అన్ని ప్రదర్శనల కన్నా మిన్నగా అనిపిస్తాయి. ఆ రోజుల్లో వెళ్లదలచినవారు బసను చాలా నెలల ముందే ఖాయం చేసుకోవాలి.

బస ఎక్కడ అన్నది ఈ మూడు రోజుల సౌఖ్యాన్ని నిర్ణయిస్తుంది. నగరంలో ఎ, బి, సి, డి అనే నాలుగు మెట్రో మార్గాలున్నాయి. డి మార్గం పాత లియోన్, బెల్‌కూర్ చౌకు, సినిమా పుట్టిన మోంప్లెజీర్ పేట మూడింటినీ కలుపుతుంది కాబట్టి ఆ మార్గంలో బెల్‌కూర్ వద్దో, బి మార్గం కూడా కలిసే సాక్స్ గాంబెత్తా వద్దో గది తీసుకోవడం తెలివైన పని. డి మార్గం రైళ్లకు డ్రైవరు ఉండడు. పిల్లలతో వెళ్లేవారు మొదటి పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం మొత్తం కనిపిస్తుంది. గంటసేపు చెల్లే ఒకే టికెట్టుతో మెట్రో, ట్రాము, బస్సు, కొండ ఎక్కే తాడురైలు ‘ఫ్యూనిక్యులర్’ అన్నీ ఎక్కవచ్చు. అయితే మారిన ప్రతిసారీ టికెట్టును యంత్రానికి చూపించాలి, లేకపోతే జరిమానా పడుతుంది.

సెలవు రోజులను ముందే సరిచూసుకోవాలి. పలు మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయి, తెరో చౌకులోని లలితకళల మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. ఈ కారణంగా సోమవారం నాడు ఈ నడకను మొదలుపెట్టవద్దు.

మొదటి రోజు: పాత లియోన్, ప్రార్థన చేసే కొండ

రోన్, సోన్ అనే రెండు నదుల మధ్య పొడవాటి నాలుకలా చొచ్చుకువచ్చిన భూమి మీద నగర కేంద్రం ఉంది. సోన్ నదికి పడమటి ఒడ్డున ఫూర్వియేర్ కొండ, ఉత్తరాన రెండు నదుల నడుమ క్రువా రూస్ కొండ ఉన్నాయి. మొదటిదాన్ని ‘ప్రార్థన చేసే కొండ’ అనీ, రెండోదాన్ని ‘పని చేసే కొండ’ అనీ స్థానికులు అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే నగరంలో దారి తప్పడం కష్టం.

ఉదయం తొమ్మిది గంటలకల్లా వ్యూ లియోన్, అంటే పాత లియోన్, మెట్రో స్టేషన్‌లో దిగండి. బయటికి రాగానే సెయింట్ జాన్ ప్రధాన చర్చి కనిపిస్తుంది. పన్నెండో శతాబ్దిలో మొదలైన ఈ నిర్మాణం పదిహేనో శతాబ్ది వరకు సాగడం వల్ల వెనుక భాగం గుండ్రని తోరణాలతో, ముందు భాగం కోసుగా లేచే తోరణాలతో రెండు కాలాల శిల్పాన్ని ఒకే కప్పు కింద చూపిస్తుంది. లోపలి ఖగోళ గడియారం పద్నాలుగో శతాబ్ది నాటిది.

చర్చి నుంచి ఉత్తరంగా సాగే సెయింట్ జాన్ వీధిలోనే త్రాబూల్‌లు మొదలవుతాయి. త్రాబూల్ అంటే ఒక వీధిలోని ఇంటి తలుపులోంచి ప్రవేశించి, ఆ ఇంటి నడవ, లోపలి వాకిలి, మెట్ల గోపురం దాటుకుంటూ మరో వీధిలోకి తేలే దారి. నదికి సమాంతరంగా పొడవైన వీధులు ఉండి, వాటిని కలిపే అడ్డవీధులు తక్కువ కావడం వల్ల ఈ దారులు అవసరమయ్యాయి. అన్నిటికన్నా పొడవైనది సెయింట్ జాన్ వీధి 54వ నంబరు తలుపు నుంచి బఫ్ వీధి 27వ నంబరు వరకు నాలుగు భవనాల గుండా సాగుతుంది. తలుపు పక్కన ఉన్న మీట నొక్కి నెమ్మదిగా తోస్తే తెరుచుకుంటుంది. అక్కడ ఒక నియమాన్ని తప్పక పాటించాలి: అవి ప్రదర్శనశాలలు కావు, మనుషులు కాపురముంటున్న ఇళ్లు. నగరపాలక సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకే ఇంటివారు పగటివేళ దారి ఇస్తున్నారు. గొంతు తగ్గించి, మెట్లెక్కకుండా, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లడం మన బాధ్యత. బఫ్ వీధి 16వ నంబరులోని గులాబీరంగు మెట్ల గోపురాన్ని కూడా చూడండి.

ఈ పేట నేడు నిలిచి ఉండటానికి కారణం ఉంది. ఇరవయ్యో శతాబ్ది మధ్య నాటికి శిథిలమై, కొంత కూల్చివేతకు గురయ్యే ప్రమాదంలో పడిన ఈ ఇళ్లను 1962లో ఫ్రాన్సు తెచ్చిన రక్షణ చట్టం కింద 1964లో కాపాడారు. ఆ చట్టం కింద రక్షణ పొందిన మొదటి పేట ఇదే. ఆపైన 1998లో యునెస్కో నగరపు చారిత్రక భాగాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పదకొండున్నర ప్రాంతంలో మెట్రో స్టేషన్‌కే తిరిగి వచ్చి ఫ్యూనిక్యులర్ ఎక్కితే కొద్ది నిమిషాల్లో ఫూర్వియేర్ గుడి ముందు దిగుతారు. పీర్ బోసాన్ రూపకల్పన చేసిన ఈ బసిలికా నిర్మాణం 1872లో మొదలై 1896లో ప్రతిష్ఠ జరుపుకుంది. 1870 యుద్ధంలో శత్రుసేనలు లియోన్ వరకు రాకపోతే గుడి కడతామన్న మొక్కు దీని వెనుక ఉంది. నాలుగు మూలల నాలుగు బురుజులను చూసి ఊరివారు దీన్ని ‘వెల్లకిలా పడిన ఏనుగు’ అంటారు. లోపలి గోడల నిండా బంగారు, నీలి రంగుల మొజాయిక్ చిత్రాలున్నాయి. ప్రవేశం ఉచితం. గుడి పక్కనున్న చప్టా మీద నిలబడి పటం తెరవండి. కింద ఎర్ర పెంకుల పాత లియోన్, తర్వాత సోన్ నది, ఎర్రమట్టి పరిచిన విశాలమైన బెల్‌కూర్ చౌకు, దాని ఆవల రోన్, ఎడమచేతి వైపు క్రువా రూస్ కొండ. రేపటి నడకను ఇక్కడి నుంచే కళ్లతో ఒకసారి నడిచి రావచ్చు. ఆకాశం తేటగా ఉన్న రోజున తూర్పు దిక్కున ఆల్ప్స్ మంచు శిఖరాలు కూడా కనిపిస్తాయి.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే రోమన్ రంగస్థలం. క్రీస్తుపూర్వం 43లో రోమన్లు లుగ్దునుమ్ పేరుతో ఈ నగరాన్ని స్థాపించారు. కొండవాలులో చెక్కిన రంగస్థలంలో సుమారు పదివేల మంది కూర్చునేవారు. వేసవిలో జరిగే ఫూర్వియేర్ రాత్రుల ఉత్సవానికి నేటికీ ఆ రాతిమెట్ల మీదే ప్రేక్షకులు కూర్చుంటారు. రంగస్థలాన్ని ఆనుకుని కొండ కడుపులోకి కట్టిన లుగ్దునుమ్ మ్యూజియంలో ఒక్కటి చూసినా చాలు అనదగినది క్లాడియస్ కంచు శాసనం. ఈ నగరంలోనే పుట్టిన ఆ చక్రవర్తి, గాల్ ప్రాంత (నేటి ఫ్రాన్సు వైపు) ప్రముఖులను రోమ్ సెనేట్‌లోకి అనుమతించాలని క్రీ.శ. 48లో చేసిన ప్రసంగం ఆ కంచు పలక మీద ఉంది. అది 1528లో క్రువా రూస్ వాలు మీది ఒక బట్టల వర్తకుడి ద్రాక్షతోటలో బయటపడింది.

రెండో రోజు: పని చేసే కొండ

ఒతెల్ ద విల్ స్టేషన్‌లో మెట్రో సి మార్గం ఎక్కండి. పళ్లచక్రం సాయంతో నిటారుగా కొండ ఎక్కే మెట్రో ఇది. క్రువా రూస్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా కొండ మీది ప్రధాన వీధి, అందులో సోమవారం తప్ప ప్రతి ఉదయం సంత. పండ్లు, రొట్టె, జున్ను ఇక్కడే కొనుక్కుంటే మధ్యాహ్నం వరకు ఆకలి చింత ఉండదు.

తర్వాత మగ్గం కథలోకి వెళ్లాలి. 1536లో ఫ్రాన్సిస్ రాజు లియోన్‌కు పట్టు నేసే ప్రత్యేక హక్కులు ఇచ్చినప్పటి నుంచి నగరం ఆ వృత్తి మీద పెరిగింది. పూలూ పక్షులూ నిండిన పట్టు నేయాలంటే, నేతగాడు పేక (అడ్డపు దారం) వేసే ప్రతిసారీ పడుగులోని (నిలువు దారాల్లోని) ఏ పోగులు లేవాలో చూసి తాళ్లు లాగడానికి మగ్గం పక్కన మరో మనిషి ఉండాలి, తరచుగా పిల్లలే ఆ పని చేసేవారు. చిల్లుల కాగితంతో పోగులను ఎంచుకునే పద్ధతిని బసీల్ బూషోన్ 1725లోనే లియోన్‌లో ప్రయత్నించాడు, ఆ తర్వాత మరికొందరు దాన్ని మెరుగుపరిచారు. వారందరి పనినీ కలిపి, నేతగాడు ఒక్కడే కాలితో తొక్కి నడపగల యంత్రంగా జోసెఫ్ మరీ జకార్ 1804లో రూపొందించాడు. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి వెళ్తుంది, ఆ పోగు పైకి లేస్తుంది, చిల్లు లేనిచోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో పేకకు ఆజ్ఞ. మన నేతగాళ్లు ‘జకార్డు’ అని పిలిచేది ఈయన పేరునే.

ఈ యంత్రాన్ని కదులుతుండగా చూడాలంటే ఇవ్రీ వీధిలోని మెజోన్ దె కనూ, అంటే నేతగాళ్ల ఇల్లు, చేరాలి. పట్టునేతగాళ్లను ఇక్కడ ‘కనూ’ అంటారు. ప్రదర్శన వేళలు ముందుగా తెలుసుకుని టికెట్టు తీసుకోవడం మంచిది. ప్రదర్శకుడు మగ్గం నడిపినప్పుడు వచ్చే చప్పుడును లియోన్ వాళ్లు ‘బిస్తాంక్లాక్ పాన్’ అని అనుకరిస్తారు. కళ్లు మూసుకుని వింటే మన చేనేత వీధిలోని లయ గుర్తుకు వస్తుంది. 1839లో పట్టులో నేసిన జకార్ చిత్రపటానికి సుమారు 24,000 అట్టలు వాడారు. దాని నకలు ఒకటి లండన్‌లో గణిత యంత్రాల రూపకర్త చార్లెస్ బాబేజ్ దగ్గర ఉండేది, అట్టలతో లెక్కలు చేయించవచ్చన్న ఆలోచనను ఆయన ఈ మగ్గం నుంచే తీసుకున్నాడు. కంప్యూటర్ల మీద జీవనం సాగించే మన తరం యువతీయువకులు ఈ గదిలో కనీసం గంటసేపు గడపాలని నా కోరిక.

బయటికి వచ్చాక ఇళ్లను చూడండి. జకార్డు యంత్రం మగ్గానికి పైన కూర్చోవడం వల్ల పాత లియోన్‌లోని పొట్టి గదుల్లో అది పట్టలేదు. అందుకోసం పంతొమ్మిదో శతాబ్దిలో ఈ కొండ మీద సుమారు నాలుగు మీటర్ల ఎత్తు గదులతో, వెలుతురు కోసం పొడవాటి కిటికీలతో, బరువు మోయగల దూలాలతో కొత్త భవనాలు కట్టారు. గదిలో మగ్గాలే నిండి ఉండేవి కాబట్టి, కుటుంబం ఒక మూల కట్టిన అటక మీద పడుకునేది. కొంచెం దూరంలో, ఎనోన్ మెట్రో స్టేషన్ సమీపంలో, 1200 చదరపు మీటర్ల ‘కనూల గోడ’ చిత్రం ఈ పేట జీవితాన్నే గోడ మీద నిలిపింది. 1987లో మొదట వేసి, ఆ తర్వాత రెండుసార్లు కాలానికి తగినట్టు మార్చారు. మెట్లదారి నిజమైనదనుకుని నడవబోతే గోడ తగులుతుంది.

మధ్యాహ్నం దిగుడు నడక. ప్రధాన వీధి తూర్పు చివర ఉన్న గ్రో కాయూ అనే పెద్ద బండరాయి దగ్గర కాసేపు కూర్చుని, కొండవాలు మెట్లదారిలో కోల్బేర్ చౌకు చేరండి. అక్కడ 9వ నంబరు తలుపులోంచి వెళ్తే కూర్ దె వొరాస్. ఆరంతస్తుల రాతి మెట్లు ఆకాశం వైపు ఎదురుబొదురుగా లేచే ఈ వాకిలి లియోన్‌లోని అన్ని త్రాబూల్‌లలోకీ నాకు అమితంగా నచ్చినది. పాత లియోన్‌లోని దారులు నాజూకైనవి, ఇవి పని కోసం పుట్టినవి. నేసిన పట్టు వానకు తడవకుండా వర్తకుల కొట్లకు చేర్చడానికి ఈ దారులు ఉపయోగపడ్డాయి.

ఆ వర్తకులతో వచ్చిన తగువే 1831 నవంబరు తిరుగుబాటు. మూర బట్ట నేసినందుకు ఇచ్చే కూలికి కనీస ధర కుదిరిన తర్వాత కొందరు వర్తకులు దాన్ని పాటించబోమన్నారు. నేతగాళ్లు నల్లజెండా మీద ‘పని చేస్తూ బతుకుతాం, లేదా పోరాడుతూ చస్తాం’ అని రాసుకుని కొండ దిగి నగరాన్ని స్వాధీనం చేసుకున్నారు. కొద్ది రోజులకు సైన్యం వచ్చి దాన్ని అణచింది. 1834 ఏప్రిల్‌లో మళ్లీ లేచినప్పుడు రక్తపాతం జరిగింది. నేతన్నల కష్టం తెలిసిన ప్రాంతాల నుంచి వచ్చిన మనం ఈ మెట్ల మీద నిలబడి ఆ కథను తలచుకోకుండా ఫొటో తీసుకుని వెళ్లిపోవడం న్యాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల ఆక్రమణను ఎదిరించినవారికి కూడా త్రాబూల్‌లు తప్పించుకునే దారులయ్యాయి.

ఇంకా కిందికి దిగితే మూడు గాల్‌ల ఆంఫీథియేటర్ శిథిలాలు, ఆ తర్వాత తెరో చౌకు, అందులో నాలుగు గుర్రాలు రథం లాగుతున్న బార్తోల్డి ఫౌంటెను. న్యూయార్కు స్వేచ్ఛామూర్తిని చెక్కిన శిల్పి ఈయనే. ఓపిక మిగిలితే పూర్వం సన్యాసినుల మఠమైన లలితకళల మ్యూజియం చూడవచ్చు, లేకపోతే దాని లోపలి తోటలో కూర్చోవడానికి టికెట్టు అక్కరలేదు.

భోజనం గురించి

లియోన్ వంటకు పేరెన్నికగన్న నగరం. ఇంటి పనివారుగా మొదలై సొంత భోజనశాలలు పెట్టిన ‘లియోన్ అమ్మలు’ ఆ పేరు తెచ్చారు. వారిలో యూజెనీ బ్రాజియే 1933లో రెండు భోజనశాలలకు మూడేసి మిషెలిన్ నక్షత్రాలు (భోజనశాలలకిచ్చే పేరొందిన గుర్తింపు) పొందింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే ప్రసిద్ధ వంటగాడు పాల్ బొక్యూజ్. ‘బూషోన్’ అనే చిన్న భోజనశాలల్లో స్థానిక వంట దొరుకుతుంది. అయితే అక్కడి వంటల్లో పంది, ఆవు మాంసం, పేగులు విరివిగా ఉంటాయని తెలుసుకుని వెళ్లండి. లియోన్ సలాడ్ అన్నది పేరుకు ఆకుకూర గాని అందులో పందిమాంసం ముక్కలు ఉంటాయి. కెనెల్ అనే మెత్తని ఉండలు సాధారణంగా చేపతో చేస్తారు.

శాకాహారులు ‘జ్ స్వీ వెజెటారియన్’ అని ముందే చెప్పి, సెర్వెల్ ద కనూ అడగవచ్చు. పేరుకు ‘నేతగాడి మెదడు’ అని అర్థం వచ్చినా అది వెల్లుల్లి, ఆకులు కలిపిన మెత్తని జున్ను, మన గడ్డపెరుగు పచ్చడికి దూరపు చుట్టం. బంగాళాదుంపల గ్రాతాన్, ఎర్రటి చక్కెర బాదంపప్పులతో చేసే ప్రాలీన్ తార్త్ కూడా తినదగినవే. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు వరకే. రాత్రి ఏడున్నరకు ముందు వంటగది తెరవరు. ‘కరాఫ్ దో’ అని అడిగితే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు ‘బోంజూర్’ అనాలి. ఆ పలకరింపు లేకుండా బేరంలోకి దిగడాన్ని వారు అమర్యాదగా తీసుకుంటారు.

మూడో రోజు: వెలుగు, నీరు

మెట్రో డి మార్గంలో మోంప్లెజీర్ లూమియేర్ స్టేషన్‌లో దిగండి. సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరుల కర్మాగారం ఇక్కడే ఉండేది. 1895 మార్చి 19న ఆ కర్మాగారం ద్వారం నుంచి పనివారు ఇళ్లకు వెళ్తుండగా తీసిన దృశ్యం వారి మొదటి చిత్రం. ఆ వీధి పేరే ‘మొదటి చిత్రం వీధి’. ఆనాటి షెడ్డు కప్పును కాపాడి దాని కింద నేడు సినిమా హాలు నడుపుతున్నారు. పక్కనున్న తండ్రిగారి భవనంలోని మ్యూజియంలో వారి కెమెరాలు, తొలి రంగుల ఛాయాచిత్రాలు ఉన్నాయి. ఈ పేటలో పుట్టిన కదిలే బొమ్మలే 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో ఆడి మన దేశానికి సినిమాను పరిచయం చేశాయి.

మధ్యాహ్నం పిల్లలున్నవారు తేత్ దోర్ పార్కుకు వెళ్లవచ్చు. 1857లో తెరిచిన, వంద హెక్టార్లకు పైబడిన ఈ తోటలో చెరువు, గులాబీ తోట, ఉచిత జంతుప్రదర్శనశాల ఉన్నాయి. మిగిలినవారు పట్టు కొనడానికి ఆ సమయాన్ని వాడుకోవచ్చు. పాత వీధుల్లో చవకగా వేలాడే రుమాళ్లన్నీ లియోన్‌వి కావు. చీటీ మీద పట్టు శాతాన్ని, ఎక్కడ తయారైందో చూసి, నేతగాళ్ల ఇల్లు వంటి చోట కొనడం మేలు.

సాయంత్రానికి టి1 ట్రాము ఎక్కి కాన్‌ఫ్లుయాన్స్ మ్యూజియం వద్ద దిగండి. 2014 డిసెంబరులో తెరిచిన ఆ గాజు, ఉక్కు భవనం లోపలికి వెళ్లినా వెళ్లకపోయినా, దాని కిందుగా తోటలోంచి సాగే బాటలో చివరికంటా నడవాలి. భూమి కోసుగా ముగిసే ఆ మొనలో రెండు నదులూ కలుస్తాయి. రోన్ కొండల నుంచి పచ్చగా, వడిగా వస్తుంది, సోన్ మట్టిరంగులో నింపాదిగా వస్తుంది. కలిసిన తర్వాత కూడా కొంతదూరం వరకు రెండు రంగులూ విడివిడిగానే కనిపిస్తాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందు చేరితే ఆ గీత స్పష్టంగా చూడవచ్చు. తిరిగి ట్రాము స్టేషన్‌కు పది నిమిషాల నడక.